లిఫ్టు తలుపు దగ్గర మర్యాద

ఆ రోజుల్లో కెనడాకి చదువుకోవడానికి వచ్చిన మా తెలుగు కుర్రాళ్ళకి తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియంది ఏదైనా ఉంటే ఓ వీడియో చూసేసి, చాయ్ చల్లారేలోపే పక్కవాడికి పాఠం చెప్పేవాళ్ళం. సర్రీ ఊళ్ళో మేం అద్దెకున్న బేస్‌మెంటుకి అలాంటి గురువు వరంగల్ అన్న. (నాకన్నా పెద్దగా వయసున్నవాడేం కాదు. నాకన్నా ముందు మంచు చూశాడు, అందుకని అన్న.) నా చదువైపోయింది. కిరాణా స్టోర్లో ఉల్లిపాయలు సర్దుతూ, దొరికిన ప్రతి ఉద్యోగానికీ అప్లై చేస్తున్నాను. వర్క్ పర్మిట్ గడువు కరిగిపోతోంది. అది ముగిసేలోపు చదువుకు తగ్గ ఉద్యోగం రాకపోతే అక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ మీద ఆశ వదులుకుని పెట్టె సర్దుకోవడమే. సరిగ్గా అప్పుడే పక్క ఊరు బర్నబీలో మెషీన్ల విడిభాగాలు అమ్మే ఓ చిన్న జపాన్ కంపెనీ నన్ను ఇంటర్వ్యూకి పిలిచింది.

అన్న వెంటనే రంగంలోకి దిగాడు. "తమ్మీ, జపానోళ్ళతోని మస్తు పైలంగుండాలె. కార్డిస్తే రెండు చేతుల్తోని తీస్కో, మంచిగ సదువు, ముంగట పెట్టుకో. ఎన్క జేబుల కుక్కినవనుకో, ఖతం!" విజిటింగ్ కార్డులు లేక పేకముక్కలతో ప్రాక్టీస్ చేశాం. అన్న ఇస్పేటు రాజును అందిస్తే నేను నడుం వంచి మహాప్రసాదంలా పుచ్చుకునేవాణ్ణి. బట్టలు ఉతకడానికి కిందికి దిగిన ఇంటి ఓనర్ పంజాబీ ఆంటీ మా వాలకం చూసి, ఉతక్కుండానే బుట్టతో సహా పైకి వెళ్ళిపోయింది.

ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ గారు జుట్టు నెరిసిన పెద్దమనిషి. కార్డు ఇచ్చారు. రెండు చేతులతో తీసుకున్నాను, చదివాను, అంతటితో ఊరుకోక అలవాటు కొద్దీ కళ్ళకద్దుకున్నాను. ఆయన అప్పటిదాకా పక్కన పడేసిన నా రెజ్యూమేని తీసి బల్ల మీద తిన్నగా సర్దారు. మిగతాదంతా బాగానే నడిచింది. ఇక సెలవు తీసుకోవడమే మిగిలింది. రావడం, వంగడం, కూర్చోవడం అన్నీ నేర్పిన మా అన్న వెళ్ళిపోవడం ఎలాగో మాత్రం నేర్పలేదు.

మేనేజర్ గారు లిఫ్టు దాకా వచ్చి, నేను ఎక్కగానే నడుం వంచి నిలబడ్డారు. తలుపులు మూసుకునేదాకా అలా వంగి ఉండటం వాళ్ళ మర్యాద. పెద్దవాళ్ళ మొహం మీద తలుపు పడనివ్వకపోవడం మన మర్యాద. (మా ఇంట్లో చుట్టాలు "వెళ్ళొస్తాం" అన్నాక అసలు కబుర్లు మొదలయ్యేవి.) తలుపు కదలగానే తెరిచే మీట నొక్కాను. అప్పుడే లేవబోతున్న ఆయన నడుం మళ్ళీ వంగింది. మళ్ళీ తలుపు, మళ్ళీ మీట, మళ్ళీ నడుం. "మీరు లోపలికి వెళ్ళండి సార్" అంటాను నేను. "లేదు, లేదు, మీరు ముందు" అంటారాయన. లిఫ్టు విసుగొచ్చి కీచుమని అరవసాగింది. చివరికి నాకు ఒంటరిగా దిగడం భయమనుకున్నారో ఏమో, ఆయనే లిఫ్టు ఎక్కేశారు.

కిందికి వచ్చాం. వాన. గొడుగు లేకుండానే బస్సు స్టాపు దాకా వచ్చి, నన్ను ఎక్కించి, కదులుతున్న బస్సుకేసి వంగి నిలబడ్డారు. నా ప్రాణం ఉసూరుమంది. ఆ వయసు మనిషిని వానలో నిలబెట్టి నేను సీట్లో కూర్చుంటానా! బస్సు ఆపమని తాడు లాగి, తర్వాతి స్టాపులో దిగి, వెనక్కి పరుగెత్తాను. ఆఫీసు గుమ్మం ఎక్కబోతున్న ఆయన నన్ను చూసి ఆగి, పాపం, మళ్ళీ వంగారు. "సార్, తడుస్తున్నారు! వెళ్ళండి!" అని అరిచాను. "మీరు వెళ్ళండి!" అని ఆయన కూడా అరిచారు. రిసెప్షన్ అమ్మాయి గొడుగు పట్టుకొచ్చి ఆయన్ని లోపలికి తీసుకుపోయింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇద్దరం ఇంకా అక్కడే ఉండేవాళ్ళం.

అంతా విని అన్న తల పట్టుకున్నాడు. "పెద్దమనిషిని వానల నిలవెట్టినవా? ఇగ మనకు ఉల్లిగడ్డలే రా." నవ్వుకున్నామని రాయాలని ఉంది గానీ, నేను స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. చేతికందిన ఉద్యోగాన్ని నా మర్యాదతో నేనే తరిమేశాననిపించింది.

కానీ ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు ఉదయమే ఆయన గదికి వెళ్ళి, ఆ రోజు ఇబ్బంది పెట్టినందుకు క్షమించమన్నాను. ఆ వానకు పట్టిన జలుబు ఆయనకు ఇంకా తగ్గినట్టు లేదు. ముక్కు తుడుచుకుని, నెమ్మదిగా అన్నారు: "మీరు వెళ్ళేదాకా నేను లోపలికి పోకూడదు. నేను పోయేదాకా మీరు వెళ్ళరు. మిమ్మల్ని కూడా లోపలికి తీసుకోవడం తప్ప నాకు దారి కనిపించలేదు."

ఆ మాట అంటూ ఆయన నవ్వారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇప్పటి నేనైతే తలెత్తి, ఆ మొహం కళ్ళారా చూసుకుని ఉండేవాణ్ణి. అప్పటి ఆ బుద్ధిమంతుడు నడుం వంచి, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.