దర్గా మలుపు వాల్వు

నా సర్వీసులో ఆఖరి పోస్టింగు మనుబోలుకూ తడకూ మధ్య, సముద్రం వైపున్న ఒక చిన్న మునిసిపాలిటీలో. మార్చి రెండో వారంలో మునిసిపల్ ఇంజనీరుగా చేరాను. నీళ్లు, రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, అన్నిటికీ ఆ ఒక్క కుర్చీయే జవాబుదారీ. ఊరి పేరు చెప్పను. చెబితే నాకు ముందు పనిచేసిన వాళ్ల పేర్లు కూడా చెప్పినట్టే అవుతుంది.

చేరిన వారానికే కౌన్సిలు సమావేశం వచ్చింది. ఆ ఏడాది గ్రాంటు ఒక్క పెద్ద పనికే సరిపోతుంది. అడిగేవాళ్లు ఇద్దరు. బజారు వీధికి మురుగు కాలువ కావాలని చైర్మన్ గారు. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే అక్కడి దుకాణాల్లోకి మోకాలి లోతు నీరు వస్తుంది. తమ వార్డుకు ఓవర్‌హెడ్ ట్యాంకు కావాలని కౌన్సిలరు ఖాదర్‌బీ గారు. ఆమెది ఉప్పుటేరు పక్కన, పైపులైను చివర ఉన్న వార్డు. బట్టలు, పరుపులు కుట్టి బతికే కుటుంబాలు ఎక్కువ. బోరు వేస్తే ఉప్పునీరు, కుళాయి తిప్పితే గాలి. ఏడేళ్లుగా ట్యాంకరు నీళ్లే ఆధారం.

రెండు కోరికలూ న్యాయమైనవే కావడం ఈ ఉద్యోగంలో అసలు తలనొప్పి. ఒకటి అన్యాయమైనదైతే ఇంజనీరుకు హాయిగా నిద్ర పడుతుంది.

ఖాదర్‌బీ గారు ఆ రోజు నా వైపే చూసి మాట్లాడారు. "మేడమ్, మీకు ముందు ముగ్గురు ఇంజనీర్లు వచ్చినారు. ముగ్గురూ లైను చివర కదమ్మా, ప్రెషరు చాలదన్నారు. ఈ ఎండాకాలం కూడా బిందెలెత్తుకోని లారీ యెనకాల పరిగెత్తాలంటే నాకీ పదవొద్దు. రాజీనామా ఇచ్చేస్తా." బెదిరింపుగా అనలేదు, అలసిపోయి అన్నారు. పాత ఫైల్లో ట్యాంకు ఎస్టిమేటు సిద్ధంగా ఉంది. ఆ మధ్యాహ్నమే దాని మీద నేనూ సంతకం పెట్టాను. వార్డులో అడుగు పెట్టకుండానే పెట్టాను. ఈ వ్యవహారంలో నా వంతు తప్పు అది.

సంతకమైతే పెట్టాను గానీ మనసు కుదుటపడలేదు. మర్నాడు పొద్దున నీళ్లు వదిలే వేళకు ప్రెషరు గేజి తీసుకుని, ఒక్కో ఇంటి కుళాయికి బిగించి చూస్తూ లైను వెంట నడిచాను. దూరం వల్ల ప్రెషరు తగ్గితే గేజిలో ముల్లు కొంచెం కొంచెంగా దిగాలి. దర్గా మలుపు దాకా అది నిక్షేపంగా నిలబడింది. మలుపు దాటిన మొదటి ఇంట్లో సున్నా. అంటే మధ్యలో ఏదో మూసి ఉందన్నమాట.

మా ఫిట్టరును అడిగాను. ఆ మలుపులో వాల్వు ఒకటి ఉందనీ, రోడ్డు కింద పూడిపోయిందనీ, అంతకుముందే దాన్ని తన చేత్తోనే పూర్తిగా తెరిచి పెట్టాననీ చెప్పాడు. అబద్ధమాడే మనిషి కాదు. వాల్వు సరిగ్గా ఎక్కడుందో మాత్రం చెప్పలేకపోయాడు. ఆఫీసులోని మ్యాపును చెదలు తినేశాయి. అతనికి ముందు ముప్పై ఏళ్లు వాల్వులు తిప్పి రిటైరైన దేవసహాయం గారు చర్చి వీధిలో ఉంటారని తెలిసి వెళ్లాను. వాకిట్లో మల్లెతీగకు పందిరి వేస్తున్నారు. సంగతి వినగానే పందిరి వదిలేసి చెప్పులేసుకున్నారు.

ఇన్నేళ్లూ వచ్చి చెప్పలేదేమని దారిలో అడిగాను. "ఎవురూ అడగలేదమ్మా. అడక్కుండా పోయి ఆఫీసులో నిలబడితే, ముసిలోడు పింఛను కోసం వచ్చినాడనుకుంటారు" అన్నారు.

మలుపులో ఒక ఇంటి గడప నుంచి అడుగులు లెక్కపెట్టి, సిమెంటు రోడ్డు మీద సుద్దతో గుర్తు పెట్టారు. అక్కడ పగలగొట్టిస్తే జానెడు లోతున వాల్వు మూత కనిపించింది. మా ఫిట్టరు పొడవాటి ఇనుప తాళంచెవి దించి, అన్ని వాల్వులనూ తెరిచినట్టే ఎడమకు తిప్పాడు. కదల్లేదు. "చెప్పినా గదా మేడమ్, తెరిచే ఉండాది" అన్నాడు. నా ఉత్సాహం అక్కడే చల్లారిపోయింది.

దేవసహాయం గారు నవ్వారు. "ఇది పాతకాలం వాల్వు నాయనా. ఊరు మొత్తానికి ఇట్టాంటిది ఇదొక్కటే. కుడికి తిప్పితే తెరుచుకుంటాది."

ఫిట్టరు మొహం పాలిపోయింది. ఏడేళ్ల క్రితం, పెద్దాయన రిటైరైన కొత్తలో, అక్కడ లీకు బాగుచేసి, ఆ వార్డుకు నీళ్లు ధారాళంగా పోవాలని ఎడమకు ఆగేదాకా తిప్పాడట. మంచి మనసుతో పూర్తిగా మూసేశాడు. అదే వారం పైన రోడ్డు పోశారు. నీళ్లు రాకపోతే అందరూ మొదట ఎండాకాలం కదా అనుకున్నారు, తర్వాత లైను చివర కదా అనుకున్నారు.

కిరసనాయిలు పోసి తుప్పు నానబెట్టాం. నీటిని ఒక్కసారిగా వదిలితే పాత పైపు పగులుతుంది కాబట్టి, దేవసహాయం గారు చుట్లు లెక్కపెడుతుంటే ఇద్దరు మనుషులు నెమ్మదిగా కుడికి తిప్పారు. ఖాదర్‌బీ గారి ఇంటి కుళాయిలో మొదట గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రటి తుప్పునీరు, ఆ తర్వాత తేటనీరు. పరీక్ష అయ్యేదాకా తాగొద్దని నేను చెబుతూనే ఉన్నాను. ఆమె దోసిలి పట్టి తాగి, "తియ్యగా ఉండాయి" అన్నారు. వీధంతా బిందెలు బయటికొచ్చాయి. ఆ పూట నాకు కలిగిన గర్వాన్ని దాచుకోను. ముప్పై మూడేళ్ల సర్వీసులో అంత సంతోషం మరోసారి లేదు.

ఎవరి పొరపాటో కౌన్సిలులో చెప్పనక్కర్లేదని చైర్మన్ గారు మంచిగానే సలహా ఇచ్చారు. చెప్పకపోతే ట్యాంకు ప్రతిపాదనను వెనక్కి తీసుకోలేను. లేచి నిలబడి, తప్పు మా విభాగానిదనీ, చూడకుండా సంతకం పెట్టిన వాళ్లలో నేనూ ఉన్నాననీ చెప్పాను. ఖాదర్‌బీ గారు లేచారు. "ఏడేళ్ల తిట్లు మిమ్మల్ని తిట్టాల. కానీ ఒప్పుకున్నారు గదా, ఇడిసిపెడతాండా" అని, బజారు కాలువ తీర్మానాన్ని తానే ప్రతిపాదించారు. "మా వార్డోళ్ల కుట్టుమిషన్లు కూడా ఆ బజార్లోనే గదా తడిసేది" అన్నారు. ఒక్క వ్యతిరేక ఓటు లేదు. వానలకు ముందే కాలువ పూర్తయింది. ఆ కార్తీకంలో బజారు దుకాణాలు తెరిచే ఉన్నాయి.

ఉద్యోగి రిటైరైతే తాళాలు, రిజిస్టర్లు, సామాన్లు లెక్క చూసి తీసుకుంటాం. అతని చేతికి తెలిసింది తీసుకునే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. అందుకే నేను దిగిపోయే ముందు, నా స్థానంలో వచ్చిన అబ్బాయిని మూడు రోజులు ఎండలో వీధి వీధీ తిప్పి, ప్రతి వాల్వునూ అతని చేతే తిప్పించాను. విసుక్కున్నాడు. దర్గా మలుపు వాల్వును రెండుసార్లు తిప్పించాను.