గొంగడి సీట్ల అంబాసిడర్

నా పెళ్లిచూపులను ఒక్క కత్తెరతో నేనే ఎలా పాడుచేసుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, నాకేం బాధ లేదు. మా ఇంట్లో పదేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. కట్టంగూర్‌లో పిల్లను చూడడానికి బాపు పాత అంబాసిడర్‌లో పోవాలి. బయట చూస్తే కారు పెళ్లికొడుకులా ఉండేది. లోపల రెగ్జిన్ చిరిగి, సీట్లలోంచి కొబ్బరిపీచు తొంగిచూసేది.

"నల్లగొండల సీట్లు కుట్టేటాయనకు ఇద్దాం" అన్నాడు బాపు.

"ఎందుకు బాపూ? నేనే జేస్త. ఫోన్‌ల జూసిన."

"ఏం బట్ట ఏస్తవ్‌రా?"

"గొంగడి."

గొర్రెల మంద ఉన్న ఇల్లు మాది. గొంగడి వానకు లొంగదు, ముల్లుకు చిరగదు, తాత కప్పుకున్నది మనవడు కప్పుకుంటాడు. ఇంతకన్నా గట్టి సీటుగుడ్డ ఉంటే మీరే చెప్పండి.

"గొంగడికి కత్తెర వెట్టొద్దురా. అంచు తెగితే బొచ్చు ఆగదు" అన్నాడు బాపు. ఫోన్‌లో ఆ మాట ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను లెక్కచేయలేదు.

రెండు కొత్త గొంగళ్లు కోసి సీట్లకు, తలుపులకు, ఆఖరికి కారు కప్పుకు కూడా బిగించాను. తలుపు తెరిస్తే ఎలుగుబంటి ఆవులించినట్టుంది. నాకు మాత్రం గర్వంతో కళ్లు చెమర్చాయి.

నేనూ బాపూ బయలుదేరి చిట్యాల దాటేసరికి చెమటలు పట్టాయి. అద్దాలు దించితే గాలికి బొచ్చు లేచింది. ఎక్కిస్తే ఉడికిపోయాం.

"ఏందిరా, ఈపు మీద చీమలు వారుతున్నట్టున్నది?"

"కొత్త సీట్లు గద బాపూ, అలవాటైతది."

గొంగట్లో తింటూ బొచ్చు ఏరుకోవద్దంటారు. గొంగట్లో కూర్చుని గోక్కోవచ్చో లేదో పెద్దలు చెప్పలేదు. మేము కట్టంగూర్ దాకా గోక్కున్నాం.

పిల్ల తలుపు దగ్గర నిలబడింది. చూడగానే నచ్చింది, అందుకే భయమేసింది. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. బాపుకు ఆ నిగ్రహం లేదు, కుర్చీకి వీపు రాస్తున్నాడు. పిల్ల తండ్రి తన కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకున్నాడు.

"మీకు... ఒంట్ల మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నం" అన్నాడు బాపు, మెడ గోక్కుంటూ.

"తండ్రికి కొడుక్కు ఇద్దరికుందే" అని పిల్ల తండ్రి తన భార్య చెవిలో అన్నాడు. నాకు వినపడింది. నా సంబంధం పోయినట్టే.

అప్పుడు లేచింది పిల్ల నాయినమ్మ. నా కాలర్ మీంచి ఒక నల్ల వెంట్రుక తీసి వెలుతురులో పట్టి చూసింది. బయటికి పోయి, కారు తలుపు తెరిచి చూసి, తిరిగి వచ్చింది.

"కొత్త గొంగళ్లు రెండు ఖరాబు జేసినవ్ గద బిడ్డా!"

తర్వాత తన కొడుకు, అంటే పిల్ల తండ్రి వైపు తిరిగింది.

"పిల్లగానికి రోగం లేదురా. తెలివి లేదు, అంతే. దానికి ఫికర్ జేయకు, మీ నాయినకు గూడ లేకుండె."

పిల్ల పకపకా నవ్వింది. లోపలికి పోయి ఒకే ఒక్క షరతు పెట్టింది: "పెండ్లికి బస్సుల రమ్మను."

బస్సులోనే పోయాం. కారు సీట్లు తర్వాత నల్లగొండ ఆయనే కుట్టాడు. పెళ్లిచూపుల నాడే పిల్లవాళ్ల గడప ముందు ప్రమాణం చేశాను: ఈ జన్మలో గొంగడికి కత్తెర పెట్టనని. ఇప్పటిదాకా మాట తప్పలేదు. తప్పే వీలూ లేదు. మా ఇంట్లో కత్తెర ఎక్కడుంటుందో పెళ్లైన నాటి నుంచి మా ఆవిడ నాకు చెప్పలేదు.