టేపులో పడని గొంతు

నా మొగుడు మొఘల్‌పురాలో ఓ సేటు గోదాములో బస్తాలు మోసేవాడు. ఆ గోదాములోనే పోయాడు. పోయాక సేటు నాకు వెనక గది ఇచ్చాడు, కందిపప్పు చెరిగే పని ఇచ్చాడు. గుండె ఆగి చనిపోయాడని పోలీసులు కాగితం రాస్తే వేలిముద్ర వేసింది నేనే. ఆ ముద్ర మీదే ఆ గది నిలిచింది.

నాలుగేళ్లకు సేటు చెల్లెలి కూతురు వచ్చింది, కాలేజీ పిల్ల. పాతబస్తీలో కష్టం చేసుకునే ఆడవాళ్ల బతుకులు టేపులో ఎక్కిస్తోందట. నన్ను గోదాముకు ఆనుకున్న సేటు ఇంటి ముందరి హాలులోకి పిలిచారు. పిల్ల కుర్చీలో, సేటమ్మ దివాను మీద, నేను కింద గోనెపట్టా మీద. టేపురికార్డరు బల్ల మీద, నా తలకన్నా ఎత్తులో.

"మీ ఆయన ఎట్ల పోయిండమ్మా?" అని అడిగింది పిల్ల.

నేను సేటమ్మ ముఖం చూస్తూ జవాబు చెప్పాను. "గుండె ఆగింది బిడ్డా."

"మస్తు తాగెటోడు గదా," సేటమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ అందుకుంది. "చెప్పవేందే?"

నా మొగుడు కల్లు కూడా ముట్టి ఎరగడు. "అవునమ్మా," అన్నాను.

మూడో రోజు పిల్ల గోదాము వెనక నేను పప్పు చెరిగే రేకుల పందిరి కిందికి వచ్చింది.

"నీ గొంతు టేపుల పడలె. నువ్వు అత్తమ్మ దిక్కు తిరిగి మాట్లాడినవ్. ఆమె మాటలే గట్టిగ పడ్డయి."

దుమ్ము మింగి బొంగురుపోయిన గొంతు నాది. నేను కేకేస్తే చార్మినార్ దాకా వినిపిస్తుందని తోటివాళ్లు నవ్వేవాళ్లు. హాలులో ఆ గొంతే పీలగా అయిపోయింది.

పిల్ల నేల మీదే కూర్చుని ఓ చాట అందుకుంది. పొట్టుతో పాటు పప్పు కూడా ఎగిరి పడింది.

"గట్ల కాదు బిడ్డా! పెండ్లయితే నీ అత్త నిన్నే చాటల ఏసి చెరుగుతది."

నవ్వింది. టేపురికార్డరు ఒళ్లో పెట్టుకుని మీట నొక్కి, మా ఆయన ఎట్ల పోయిండని మళ్లీ అడిగింది. నా చేయి ఆగిపోయింది.

"మీ మామ వింటె?"

"వింటడేమో. వినడని నేనెట్ల చెప్త?"

పిల్ల అబద్ధమాడలేదు. అందుకే భయం ఇంకా పెరిగింది. ఆ గది పోతే ఎక్కడికి పోవాలి? కానీ 'తాగెటోడు' అన్న మాట మూడు రోజులుగా ముద్ద దిగనివ్వడం లేదు.

"ఇగ విను. బస్తాలు పది వరుసలకు మించి ఎక్కియ్యరు. ఆ రోజు మీ మామ పద్నాలుగు పెట్టించిండు. మావోడు వద్దన్నడు. 'ఎక్కుతవా, ఇంకొగన్ని పిలవాల్నా' అన్నడు మీ మామ. ఎక్కిండు. దొంతర కూలి మావోని మీద పడ్డది. ఆయన తాగలె. ఒక్క చుక్క తాగలె."

పిల్ల మీట నొక్కి ఆపి, సంచిలోంచి మొన్నటి క్యాసెట్టు తీసింది. "ఇది చెరిపేస్త."

"చెరపకు. నా మొగుణ్ని నేనే తాగుబోతును చేసిన. ఆ టేపు గూడ ఉండనీ. నేను యాడ కూసున్ననో, ఎదురుంగ ఎవరున్నరో దాని మీద రాయి."

కలం తీసింది. ఆ వేలిముద్ర వేశాక కొద్దిగా చదువు నేర్చుకున్నదాన్ని, నేను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చూస్తున్నాను. 'సేటు హాలులో' అని రాసి ఆగింది.

"ఇంకెంతసేపే ఆ చాటల కాడ?" లోపలి నుంచి సేటమ్మ కేక.

"వస్తున్న అత్తమ్మా!" అని అరిచి, పిల్ల మళ్లీ కలం ఆనించింది. 'అత్తమ్మ ఎదుట' అని రాసింది.

ఎవరూ పొమ్మనకముందే, ఆ వారంలోనే నేను చాంద్రాయణగుట్ట దగ్గర వేరే గది వెతుక్కున్నాను.