అరవై టన్నుల కాటా, ఆరు టిక్కీల మిరపకాయ

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరుగా నన్ను నరసరావుపేటకు వేశారు. గురజాల వైపున్న సున్నపు బట్టీల ఊరొకటి నా పరిధిలోకి వచ్చింది. వ్యాపారులు వాడే ప్రతి కాటానూ ఏటా పరీక్షించి, సరిగ్గా ఉంటే సీలు వేయడం మా పని. ఒకప్పుడు ఆ ఊళ్లో లారీల కాటాలు చూడటానికే వారం పట్టేదట. నా హయాంలో బట్టీలు ఒక్కొక్కటే చల్లారాయి, కాటాలు పాత ఇనుము కింద పోయాయి. మూడో ఏడు మార్చికి మిగిలింది మస్తానయ్య కాటా ఒక్కటే. సున్నపురాయి లారీలే రాని ఊళ్లో ఇతనికి సీలు దేనికా అని నాకు భలే కుతూహలం కలిగింది.

అది అరవై టన్నుల కాటా. పరీక్ష కోసం బయటినుంచి రప్పించిన లోడు లారీని మధ్యలోనూ రెండు చివర్లలోనూ నిలబెట్టి చూశాను. నిక్కచ్చిగా ఉంది. సీలు బిగించబోతుండగా ట్రక్కు ఆటో ఒకటి వచ్చింది. అందులో ఆరు టిక్కీల ఎండుమిర్చి, అంటే ఆరు బస్తాలు, రెండు వందల యాభై కేజీల దాకా ఉంటుంది; మాచవరం దగ్గర కౌలుకు చేసుకునే మార్తమ్మ. మస్తానయ్యకు ఇప్పుడున్న బేరం ఇలాంటివాళ్లదే. అమ్మేముందు సరుకు తూయించుకుని చీటీ పట్టుకుపోతారు.

నేనెవరో తెలియగానే ఆమె పాత చీటీ ఒకటి నా ముందు పెట్టింది.

"మా ఊళ్లో కాయ కొనేవోడు పోయినవారం ఈ కాటా చీటీలో ఉన్నదాంట్లో పదిహేను కేజీలు కొట్టేశాడయ్యా. నలుగుర్లో దొంగోడన్నా. రేపు పెద్దమనుషుల ముందు రుజువు చెయ్యకపోతే ఇంక నా కాయ ఎవురూ కొనరు."

నిండు ఆటో, ఖాళీ ఆటో, సరుకు: చీటీలో మూడు తూకాలూ ఇరవై గుణిజాలే. నాకు అనుమానం వచ్చింది. ఆటో కాటా మీద ఉండగానే, జీపులోంచి ఐదు కేజీల తూకపురాయి తెచ్చి దాని పక్కన పెట్టాను. అంకె కదల్లేదు. రెండోది పెట్టినా కదల్లేదు. మూడోదానికి ఒక్కసారిగా ఇరవై పెరిగింది.

"ఏందయ్యా, ఐదు కేజీలు పెడితే దీనికి తెలవదా?" అంది మార్తమ్మ.

"రాయి లారీల కాటా గదమ్మా. పది కేజీలు దీనికో లెక్క కాదు," అన్నాడు మస్తానయ్య.

"నాకు లెక్కే గదా మస్తానన్నా!"

మస్తానయ్య మోసగాడు కాడు. అంత పెద్ద కాటా ఇరవై కేజీల చొప్పునే చూపిస్తుంది కాబట్టి దాని మీద నాలుగు వందల కేజీలకు తక్కువ సరుకు తూయకూడదు. ఆ సంగతి రాసిన బోర్డు ఎప్పుడో ఊడిపోయింది. లారీల రోజుల్లో దాంతో ఎవరికీ పని పడలేదు. అంతకుముందు రెండేళ్లూ నేను కూడా అడక్కుండానే సీలు వేశాను.

మర్నాడు వ్యాపారి చిన్న కాటాను పరీక్షించాను. తప్పు లేదు. చీటీకి విలువ తెచ్చింది నా సీలే, తప్పు నాదేనని పెద్దమనుషులతో చెప్పాను. విన్నారు. అయినా వ్యాపారి మార్తమ్మ చేత తప్పయిందని అనిపించుకునేదాకా లేవలేదు. ఆమె అంటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మస్తానయ్య బోర్డు మళ్లీ రాయించాడు. దాంతో టిక్కీల బేరమూ ఆగిపోయింది. మరుసటి ఏడు సీలుకు దరఖాస్తు పెట్టలేదు.

కాటా సరిగ్గా ఉందా అని చూడటంతో నా పని అయిపోయిందనుకునేవాణ్ణి. మిగిలిన ఏడాదీ మాత్రం, దాని మీద ఇప్పుడు ఏం తూస్తున్నారో అడిగాకే సీలు వేశాను. ఊరి బతుకు మారిందని కాటాకు తెలియదు. తెలుసుకోవలసింది ఇన్‌స్పెక్టరే.