కీర్తిశేషులందరూ కోర్టులోకి రావాలి

సంతాపం మావయ్యది ఒకటే అలవాటు. ఎదురుగా నిలబడి ఊపిరి పీలుస్తున్న మనిషి గురించి కూడా, పోయినవాళ్ల గురించి మాట్లాడినట్టే మాట్లాడతాడు.

పొద్దున్నే పాల ప్యాకెట్ అందించిన మనిషిని చూసి, “ఎంత వేళకు వచ్చేవాడో, పాపం!” అని నిట్టూరుస్తాడు. ఆ మనిషి మెట్లు దిగుతూ తన చెయ్యి తానే గిల్లి చూసుకుంటాడు. ఓసారి సెలూన్‌లో గడ్డం గీయించుకుంటూ, “బంగారం లాంటి చెయ్యి. అలాంటివాడు మళ్లీ పుట్టడు” అన్నాడట. అప్పటికి కత్తి మావయ్య గొంతు మీద ఉంది. వణికింది మాత్రం సెలూన్ అతనే.

పుట్టుకతో వచ్చిన జబ్బేమీ కాదిది. ఉద్యోగం పెట్టిన జబ్బు. మావయ్య ఉద్యోగమంతా ఒక పత్రికలో సంతాప వార్తలు రాయడంతోనే గడిచింది. పేరున్నవాళ్లవి ముందే రాసి ఉంచాలి కదా. లేకపోతే అర్ధరాత్రి ఎవరైనా పోతే పొద్దుటికి పేపర్లో రాదు. అలా బతికున్నవాళ్లకు తద్దినం మాటలు రాసీ రాసీ, రిటైరయ్యేనాటికి ఆయన నాలుక మీద వర్తమానకాలం చచ్చిపోయింది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక బాస్కెట్‌బాల్ క్లబ్బులో మైకు పట్టుకున్నాడు. అక్కడే కొత్త కోచ్‌కు ఆయనతో పరిచయమైంది. పరిచయం అనడం కన్నా అంత్యక్రియలు అనడం మేలు.

ఆ క్లబ్బు హాలు ఒకప్పుడు ఐసు ఫ్యాక్టరీ. యంత్రాలు పోయినా చలి పోలేదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కూడా గోడలకు చెమట పట్టేది. ఒక చివర మాట్లాడితే మాట అవతలి చివరికి పోయి, కాసేపు ఆలోచించుకుని, కొంచెం వేరే గొంతుతో తిరిగొచ్చేది. కొత్తగా చేరిన కోచ్ మొదటి రోజు లోపల అడుగుపెట్టేసరికి స్పీకరు గరగరమంది.

“ముందుగా, వెనక వరసలో కూర్చున్నవారికి నమస్కారం.”

కోచ్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక వరసలో ఎవరూ లేరు. ఖాళీ కుర్చీలు తడిగా మెరుస్తున్నాయి.

“కీర్తిశేషులైన మన కొత్త కోచ్‌గారు పిల్లల మీద ఒక్కరోజూ చెయ్యెత్తలేదు. ఓడినవాళ్ల భుజం మీద చెయ్యేసి ఇంటిదాకా నడిచేవారు. వారు లేని లోటు తీరనిది.”

“తీరనిది...” అంది అవతలి గోడ.

కోచ్ ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ సాయంత్రమే వెళ్లి బీపీ చూపించుకున్నాడు. విచిత్రం ఏమిటంటే, ఆయనకు అంతకుముందు పిల్లల మీద చెయ్యెత్తే అలవాటు ఉండేది. ఆ రోజు నుంచి చెయ్యి లేచినప్పుడల్లా ఆ స్పీకరు గుర్తొచ్చి, లేచిన చెయ్యి భుజం మీదికి దిగేది. పోయినవాడి పరువు తియ్యడానికి మనసొప్పలేదు.

మెల్లగా అలవాటు పడ్డాడు. ఆటలో టైమవుట్ అడిగితే మావయ్య “ఒక నిమిషం మౌనం పాటిద్దాం” అనేవాడు. ప్రేక్షకులు లేచి తలలు వంచేవారు. రెఫరీ నీళ్లు తాగడానికి వెళితే, “రెఫరీగారు ప్రస్తుతం భౌతికంగా మన మధ్య లేరు” అనేవాడు. ఆట మొదలయ్యే ముందు, “కీర్తిశేషులందరూ కోర్టులోకి రావాలి” అంటే, పదిమంది అమ్మాయిలు నవ్వుతూ పరిగెత్తుకొచ్చేవారు. బయట ఊరివాళ్లు ఆడటానికి వస్తే మాత్రం, సగం ఆట మావయ్యే గెలిపించేవాడు.

ఆ అమ్మాయిల్లో అందరికన్నా పొట్టిది బొంగరం. బంతి చేతికొస్తే ఒంటికాలి మీద గిర్రున తిరిగి, అడ్డొచ్చినవాళ్లు ఎటు చూడాలో తెలియక నిలబడిపోయేలా చేసేది. అందుకే ఆ పేరు. బొంగరం స్టార్ అవుతుందా, అవదా అన్నది ఆ ఏడు ఊరంతా నలిగిన చర్చ. పెద్ద అకాడమీ నుంచి ఒక మేడమ్ వచ్చి, ఒక్క అమ్మాయిని ఎంచుకుని తీసుకెళుతుందని కబురొచ్చాక అది మరీ ముదిరింది.

మేడమ్ వచ్చే రోజు మధ్యాహ్నం క్లబ్బు ఆఫీసు గదిలో ఆఖరి చర్చ జరిగింది. బయట మబ్బు పట్టి, సాయంత్రం తొందరపడి వచ్చేసినట్టుంది. గదిలో బల్బు ఊపిరి తీస్తూ వదులుతూ వెలుగుతోంది.

“అవదు,” అన్నాడు క్లబ్బు ప్రెసిడెంటు. వృత్తికి పళ్ల డాక్టరు. “నేను దాని పాలపళ్లు చూశాను. ఆలస్యంగా ఊడాయి. అలాంటి పిల్లలు పొడుగవరు.”

“పళ్లతో ఆడతారా డాక్టరుగారూ, చేతులతో ఆడతారు గానీ!” అన్నాడు కోచ్.

“చేతులు మాత్రం? మొన్న ఫైనల్లో ఎవరూ అడ్డురాని ఆఖరి ఫ్రీ త్రో ఏమైంది? కొయ్యబారిపోయింది పిల్ల.”

అది నిజమే. ఆ బంతి కనీసం రింగుకు కూడా తగల్లేదు. ఆ రోజు నుంచి బొంగరం తిరగడం మానేసింది.

మూలన కూర్చున్న బొంగరం తండ్రి టైలరు. భుజాల మీద టేపుతోనే వచ్చాడు. “నా పిల్ల సంగతి నాకు తెలీదా అండీ? రెండేళ్లయింది దాని పాంటు అంచు విప్పి. ఇవాళ కూడా తేలకపోతే ఆట మాన్పించేస్తాను. రాత్రిళ్లు నిద్రలో ‘తగల్లేదు, తగల్లేదు’ అని కలవరిస్తోంది. వినలేకపోతున్నాను.”

తలుపు కిర్రుమంది. సంతాపం మావయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి నిలబడ్డాడో ఎవరికీ తెలియదు.

“ఎవరి గురించి?” అన్నాడు.

“బొంగరం గురించి మావయ్యగారూ. స్టార్ అవుతుందంటారా?” అన్నాడు కోచ్.

మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “బొంగరమా... ఎప్పుడో చుక్కయిపోయింది కదయ్యా!”

టైలరు కుర్చీలోంచి లేచిపోయాడు. “ఏంటండీ ఆ మాట! చుక్కయిపోవడం ఏంటి? చుక్కలాంటి పిల్లని పట్టుకుని!”

“మీరడిగిందే చెప్పాను. స్టార్ అంటే చుక్కే కదా?”

అదే క్షణాన బల్బు ఆరిపోయింది. వెలిగేసరికి గుమ్మంలో మావయ్య లేడు. పళ్ల డాక్టరు పళ్లు టకటకమన్నాయి.

ఆట మొదలైంది. అకాడమీ మేడమ్ ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చుంది. బొంగరం మాత్రం బంతి చేతికొస్తే నిప్పు తగిలినట్టు పక్కవాళ్లకిచ్చేస్తోంది. సగం ఆట అయ్యేసరికి ఒక్కసారి కూడా బుట్ట వైపు చూడలేదు. విరామంలో మాయమైంది. కోచ్ వెతగ్గా, వెతగ్గా, పాత ఐసుగదిలో మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుని కనిపించింది. అంత చలిలోనూ ముఖమంతా చెమట.

“నేను ఆడను సార్. మళ్లీ తగలదు. అందరూ దాని గురించే చెప్పుకుంటారు. నేను ముసలిదాన్నయినా అదే చెప్పుకుంటారు.”

“అదేం లేదమ్మా...” అన్నాడు కోచ్. వెనకాలే వచ్చిన టైలరు కూతురి చెయ్యి పట్టుకున్నాడు. “పద తల్లీ, ఇంటికి పోదాం.”

ఐసుగదిలో పైన తుప్పు పట్టిన ఒక స్పీకరు ఉండేది. అది మోగగా కోచ్ ఎన్నడూ వినలేదు. అది గరగరమంది.

“వెనక వరసవారికి నమస్కారం. ఒక విచారకరమైన వార్త. మనందరికీ బొంగరంగా తెలిసిన పెద్దావిడ నిన్న సాయంత్రం, మనవరాళ్ల మధ్య, నవ్వుతూ కన్నుమూశారు.”

టైలరు చెయ్యి బిగిసిపోయింది. బొంగరం తల ఎత్తింది.

“ఆవిడ వయసు ఎంతో ఎవరికీ తెలియదు, అడిగినవాళ్లను ఆవిడ తిట్టేవారు. పళ్లన్నీ సొంతవే. ఈ సంగతి పళ్ల డాక్టరుగారి దృష్టికి తేవాలనుకున్నాం గానీ, ఆయన ఎప్పుడో పోయారు.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“బొంగరంగారు స్టార్ అయ్యారా, కాలేదా అన్న చర్చ చివరిదాకా తేలలేదు. చర్చించినవాళ్లందరూ ఆవిడకన్నా ముందే పోయారు. చిన్నప్పుడు ఏదో ఫైనల్లో ఆఖరి బంతి తగల్లేదని ఆవిడే మనవరాళ్లకు చెప్పేవారు. ఎవరూ నమ్మేవారు కాదు. ‘మా బామ్మకు మతిమరుపు’ అనేవారు. అకాడమీ మేడమ్ ముందు ఆడిన ఆటలో గెలిచారో ఓడారో కూడా ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు రెండో సగమంతా గిర్రున తిరిగారని మాత్రం గుర్తుంది. ఒక నిమిషం మౌనం.”

“మౌనం...” అంది గోడ.

హాలంతా లేచి నిలబడిన చప్పుడైంది. ఆ నిశ్శబ్దంలో, ఐసుగదిలో, ముందు ఒక ముక్కు చీదిన శబ్దం. తరువాత నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది బొంగరం. “నాన్నా, వదులు! మైకు తాతయ్య నన్ను చంపేశాడు. ఇంక నాకేం భయం?”

రెండో సగంలో ఆ అమ్మాయి తిరిగిన తిరుగుడుకు చూసేవాళ్లకు కళ్లు తిరిగాయి. వేసినవాటిలో కొన్ని పడ్డాయి, కొన్ని పడలేదు. ఒకటైతే మళ్లీ రింగుకే తగల్లేదు. నాలుక కొరుక్కుని, మావయ్య వైపు చూసి, “మతిమరుపు!” అని అరిచి మళ్లీ పరిగెత్తింది. ఆట ఒక్క బుట్ట తేడాతో ఓడిపోయారు. మేడమ్ లేచి కోచ్ దగ్గరికొచ్చింది.

“ఆ పొట్టి పిల్లను పంపండి. తప్పాక కూడా నవ్వేవాళ్లు నాకు దొరకడం లేదు.” పోతూ పోతూ గొంతు తగ్గించి అడిగింది, “అయితే... ఆ మైకాయన బతికే ఉన్నారా?”

టైలరు అప్పటికే టేపు తీసి కూతుర్ని కొలుస్తున్నాడు. “కొత్త పాంటుకు అంచు లోపలికి నాలుగు వేళ్లు ఎక్కువ మడిచి కుడతాను. పొడుగవుతుంది. ఎందుకవదు?”

హాలు ఖాళీ అయ్యాక కోచ్ మైకు దగ్గరికి వెళ్లాడు. మావయ్య వైరు చుట్టుకుంటున్నాడు.

“మావయ్యగారూ, ఇలా ఎందుకు మాట్లాడతారండీ మీరు?”

“మనిషి గురించి మంచి మాటలు ఎప్పుడు చెప్పారు మనవాళ్లు? పోయాకే. పొద్దున్నే పేపరు ఊరంతా చదివేది. ఎవరి గురించి రాశానో ఆ ఒక్కడు తప్ప. కీర్తిశేషుడంటే కీర్తి మిగిలినవాడనేగా? అది వినడానికి మనిషి కూడా కాస్త మిగలాలి కదా!”

కోచ్ మైకు లాక్కున్నాడు. స్పీకరు గరగరమంది. “కీర్తిశేషులైన మన సంతాపం మావయ్యగారు...”

మావయ్య కంగారుగా చొక్కా సర్దుకుని, తల వంచుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“...ఒక పిల్లను చంపి బతికించారు. అలాంటివాడు మళ్లీ పుట్టడు.”

“గట్టిగా చెప్పు నాయనా,” అన్నాడు మావయ్య, తల ఎత్తకుండానే. “వెనక వరసకు వినపడాలి. పాపం, నేను తమ గురించి రాసింది వినకుండానే పోయారు వాళ్లు. నాదైనా విననీ.”

కోచ్ వెనక వరస వైపు చూశాడు. ఖాళీ కుర్చీలు తడిగా మెరుస్తున్నాయి. ఎందుకైనా మంచిదని, ముందు వాటికి ఒక నమస్కారం పెట్టి, గొంతు సవరించుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాడు.