టైపు సార్ ఎదురుచూసిన ఉత్తరం

పోయిన శుక్రవారం పొద్దున మదనపల్లె ఆసుపత్రిలో మా టైపు సార్ పోయారు. ఆయన భార్య ఫోన్ చేసి, "మీ సార్ పోయినాడమ్మా" అని పెట్టేశారు. పుంగనూరులో ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకుని, అక్కడే పదకొండేళ్లు పనిచేశాను. మేం తప్పు కొడితే సార్ స్కేలుతో మెషీన్‌ను కొట్టేవారు. "తప్పు దానిది కాదు గానీ, నిన్ను కొడితే మీ నాయన వస్తాడు" అనేవారు.

మధ్యాహ్నాలు అర్జీలు కొట్టేవాళ్లం. మావైపు జనం అర్జీ అంటే గుడ్డసంచి నిండా కాగితాలు తెస్తారు. పింఛను అర్జీకి పెళ్లి శుభలేఖ కూడా జతచేయమంటారు. కట్ట ఎంత మందంగా ఉంటే పని అంత గట్టిగా జరుగుతుందని నమ్మకం. మొదట్లో సార్‌దీ అదే నమ్మకం. "యాల మిగిలించేది? ఉండేదంతా పెట్టమ్మా" అనేవారు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

సార్ పుట్టింది సిలోన్ టీ తోటల్లో. తండ్రిది రామకుప్పం దగ్గర పల్లె. ఆయన పిల్లలిద్దరికీ ఇండియా పాస్‌పోర్టులు తీయించి, కుటుంబంతో కుప్పం తిరిగొచ్చాడు. సార్ చెల్లెలు మాత్రం సిలోన్‌లోనే పెళ్లి చేసుకుని ఉండిపోయింది. తర్వాత ఆమెకు ఆ దేశ పౌరసత్వమూ వచ్చింది. తొంభైలలో, గొడవల రోజుల్లో, ఆమె భర్తను ఇంట్లోంచి తీసుకుపోయినవాళ్లు మళ్లీ పంపలేదు. ఆమె ఎలాగో కెనడా చేరి, ప్రాణభయం ఉందని శరణు అడిగింది. ఇంటి కాగితాలేమైనా ఉంటే పంపమని అన్నకు రాసింది.

సార్ అన్నీ పంపారు. కుప్పంలో తండ్రి ట్రంకుపెట్టె అడుగున ఆమె పాత ఇండియా పాస్‌పోర్టు దొరికితే, దానికి నకలు తీయించి అదీ పెట్టారు. ఆ కట్టకు దారం కట్టింది నేనే.

రెండు దేశాల మనిషి రెండుచోట్లా భయముందని చూపిస్తేనే శరణు ఇస్తారట. "నీకు ఇండియా ఉందిగా, అక్కడికి పో" అన్నారు కెనడావాళ్లు, ఆ నకలు చూసి. సార్ అసలు పాస్‌పోర్టు పట్టుకుని మద్రాసు పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లారు. ఆమె లంక పౌరసత్వం తీసుకుంది కాబట్టి అది చెల్లదన్నారు అక్కడ. ఆ సంగతి రాసి పంపేలోపే, చేతిలో ఉన్నది లంక పాస్‌పోర్టే కాబట్టి ఆమెను కొలంబో విమానం ఎక్కించారు. దిగాక ఒక ఉత్తరం వచ్చింది. "నువ్వు మంచికే పంపినావన్నా" అని రాసింది. ఆ తర్వాత ఇంకేదీ రాలేదు.

"దాచినా తప్పే కదా సార్" అన్నాను ఒకసారి, ఓదార్పుగా.

"దాయాలని యాడ సెప్తాండానమ్మా? అది చెల్లుతాదా లేదా అని కనుక్కోని, పక్కన ఒక ముక్క రాసింటే సాలు గదా. ఊరందరికీ రాసేవాణ్ణి, నా చెల్లెలికి రాయలేకపోతి" అని మెషీన్ మీద గుడ్డ కప్పేశారు. ఆ రోజు నాకు ఏడుపు ఆగలేదు.

అప్పటినుంచి ఎవరు కాగితం తెచ్చినా "దీని కత ఏంది?" అని అడిగి, కింద ఒక వాక్యం కొట్టాకే జతచేసేవారు. వి.కోట నుంచి వచ్చిన రైతొకాయన బస్సు పోతుందని విసుక్కుంటే, "కాగితానికి నోరు లేదప్పా, మనమే సెప్పాల" అన్నారు. ఆయనకు బస్సు పోయింది. సార్ తన క్యారియర్‌లోని రాగిసంగటి ఆయనకు పెట్టేశారు.

రోజూ పదకొండున్నరకు పోస్ట్‌మ్యాన్ సైకిల్ గంట వినబడగానే సార్ వేళ్లు మెషీన్ మీద ఆగిపోయేవి. అతను సీటు దిగకుండానే ఒక కాలు మా మెట్టు మీద ఆనించి, లోపలికి చూసి, లేదన్నట్టు తల ఊపేవాడు. అప్పుడు మళ్లీ టకటక మొదలయ్యేది. ఏళ్ల తరబడి ఇదే. దీని గురించి ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోగా నేను వినలేదు.

నిన్న సార్ భార్య తాళాలిస్తే నేనే ఇన్‌స్టిట్యూట్ తెరిచాను. పదకొండున్నరకు గంట వినిపించింది. సార్ పాడె మోసిన నలుగురిలో ఆ పోస్ట్‌మ్యాన్ ఒకడు. అయినా మెట్టు మీద కాలు ఆనించి, ఖాళీ కుర్చీ వైపు చూసి, లేదన్నట్టు తల ఊపాడు.