పెళ్లి ప్రకటనకు అభ్యంతరం

మా గుడిలో పాస్టరు గారి నోరు మూయించిన మనిషిని నేనొక్కడినే. అదీ ఆదివారం ఆరాధన మధ్యలో, నిండు సంఘం ముందు. నేను లేచి ఒక్క ప్రశ్న అడిగేసరికి పైన తిరిగే ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి.

తొంభైల చివరి సంగతి. మా చెల్లెలి కూతురికి సంబంధం కుదిరింది. పిల్లవాడిది రాజోలు, తాటిపాకలో చమురు కంపెనీ ఉద్యోగం. మా పిల్ల ఆదివారం బడిలో చిన్నపిల్లలకి పాటలు నేర్పేది. పెళ్లి ఆ గుడిలోనే జరగాలని, తను నేర్పిన పిల్లలే ముందు నిలబడి పాడాలని దాని కోరిక.

మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పండి అని. ఎవరూ చెప్పరు. అప్పటికే అందరి ధ్యాసా పెళ్లిభోజనం మీదకి పోతుంది. అలాంటిది రెండో ఆదివారం ఒక సంఘపెద్ద లేచి, పెళ్లికొడుకు వాళ్లు యేసుని దేవుడని ఒప్పుకోరు, కాబట్టి క్రైస్తవులే కారు అన్నాడు.

నిజమే, వాళ్లది చిన్న సహవాసం. రాజోల్లో ఒక పెంకుటింట్లో కూడుకుంటారు. గోడకి సిలువ ఉండదు, క్రిస్మస్ చెయ్యరు. యేసు దేవుని కుమారుడు, రక్షకుడు, అంతేగాని తండ్రితో సమానుడు కాడంటారు. మేమేమో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ కలిసి ఒక్క దేవుడంటాం.

అప్పుడు లేచాను నేను. “మన తాతల్ని టీకొట్టు బయట నిలబెట్టి విడిగా గ్లాసు పెట్టిన రోజుల్లో, మీ దేవుడు ఒకడా ముగ్గురా అని ఎవడైనా అడిగేడాండీ?” అన్నాను.

అన్నానని చాలామందికి చెప్పాను. ఫ్యాన్లు ఆగింది కరెంటు పోయి. ఆ ప్రశ్న నాకు తట్టింది గుడిలో కాదు, సైకిలు మీద ఇంటికొస్తుంటే, కాలవగట్టు మీద. గుడిలో నా నోట వచ్చింది “అదేంటండీ” అన్న ముక్క ఒక్కటే. అయినా ఆ ప్రశ్న తప్పంటే మాత్రం ఒప్పుకోను. దానికి జవాబు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు సాయంత్రం గుడి పక్క గదిలో విచారణ. నేను, చెల్లెలు, మా పిల్ల, పిల్లవాడు, ఆ పెద్ద, పాస్టరు గారు. పిల్లవాడి తండ్రి వచ్చాడు గాని, సిలువ ఉన్న ఆవరణలో అడుగు పెట్టనని బయట కల్వర్టు మీద కూర్చున్నాడు.

యేసు మీకెవరని పాస్టరు గారు సూటిగా అడిగారు. యేసు నా కోసం చనిపోయి తిరిగి లేచేడు, ఆయన పేరుమీదే ప్రార్థన చేస్తానండీ అన్నాడు పిల్లవాడు.

“దేవుడా, కాదా?”

“ఆ మాట నేను అనలేనండీ.”

“అయితే మీరు క్రైస్తవులు కారు బాబూ.”

“మరి నేనెవర్నండీ?”

పాస్టరు గారి బాధ పాస్టరు గారిది. యేసు దేవుడు కాకపోతే ఆదివారం ఆదివారం మనం చేసేది ఎవరి ఆరాధన అన్నారాయన. సరే, అది ఆయన నమ్మకం, నాదీ అదే. నా ఒళ్లు మండింది ఆ పెద్దని చూసి. సొంత కూతురి పెళ్లికి రాహుకాలం దాటేదాకా కారెక్కనివ్వని మనిషి! ఆయన క్రైస్తవుడు అవునో కాదో ఏ విచారణా తేల్చలేదు. కల్వర్టు మీది వియ్యంకుడేం తక్కువ తినలేదు. ముగ్గురికి మొక్కే మీరు మటుకు క్రైస్తవులా అన్నాడు నన్ను పట్టుకుని. గదిలోవాళ్లు ఆయన్నీ, ఆయన గదిలోవాళ్లనీ పరలోకంలోంచి గెంటేశారు. మధ్యలో మా పిల్ల.

పిల్లవాడు సంఘం ముందు యేసు దేవుడని ఒప్పుకుని మళ్లీ బాప్తిస్మం తీసుకుంటే పెళ్లి చేస్తామన్నారు. మా పిల్ల లేచి నిలబడింది. “ఆయన చేత అబద్ధమాడించి నేను పెళ్లి చేసుకోనండి అయ్యగారూ” అంది.

ఆ తర్వాత పాస్టరు గారిని పక్కకి తీసుకెళ్లి నచ్చజెప్పింది నేనే. మూడో ప్రకటన చదివారు. గుడిలోనే పెళ్లి అయ్యింది, పిల్లలు పాడారు.

ఇంతవరకూ రాసి మా చెల్లెలికిచ్చాను. చదివి, కళ్లజోడు తీసి, కాగితాలు నా ఒళ్లో పడేసింది.

“ఎవరు చదివేరన్నయ్యా మూడో ప్రకటన? పెళ్లి అమలాపురం రిజిస్ట్రారాఫీసులో అయ్యింది. నువ్వు సాక్షి సంతకం పెట్టి భోజనానికి తొందరపడ్డావు. పిల్లలూ లేరు, పాటా లేదు. మన పిల్ల మళ్లీ ఆ గుడి గుమ్మం తొక్కలేదు. అది రాయి.”